హారర్ చిత్రాల్లో స్త్రీ: కెమెరా ఎవరి కళ్ళతో చూస్తోంది?

హారర్ చిత్రాల్లో స్త్రీ పాత్రల గురించి గత సంచికలో నేను రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఈ చిత్రాల్లో కెమెరా చాలా తరచుగా మగవాడి చూపును తన చూపుగా చేసుకుంటుందని, భయం పుట్టించే పని మొత్తం స్త్రీ శరీరం మీద మోపుతుందని ఆ వ్యాసంలో అన్నాను. ఆ మాటను ఒప్పుకున్నవారూ ఉన్నారు, గట్టిగా కాదన్నవారూ ఉన్నారు. కాదన్నవారి ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: మీ వ్యాసం చదివాక మా అన్నయ్యకూ నాకూ పెద్ద వాదనే జరిగింది. స్లాషర్ చిత్రాల్లో, అంటే హంతకుడు ఒక్కొక్కరినే వేటాడి చంపే చిత్రాల్లో, ఆడవాళ్ళు ఎంతమంది చనిపోతారో మగవాళ్ళూ ఇంచుమించు అంతమందే చనిపోతారని, కావాలంటే లెక్కపెట్టుకోమని అన్నాడు. కొన్ని చిత్రాలు మళ్ళీ చూసి లెక్కపెడితే వాడు అన్నదే నిజమైంది. మరి పక్షపాతం ఉందని ఎలా అనగలం? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ అన్నయ్య లెక్కలో తప్పు లేదు. ఫ్రెడ్ మోలిటర్, బారీ సపోల్‌స్కీ అనే పరిశోధకులు 1980లలో వచ్చిన 30 స్లాషర్ చిత్రాలను పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, హతుల్లో స్త్రీలే ఎక్కువన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు. అయితే వాళ్ళు అక్కడితో ఆగలేదు. భయంతో వణికిపోతున్న పాత్ర తెర మీద ఎంతసేపు ఉందో కూడా కొలిచారు. స్త్రీల భయాన్ని పురుషుల భయం కంటే ఎక్కువసేపు చూపించారని అప్పుడు తేలింది. మీ వాదనకు కావలసిన సమాధానం ఇందులోనే ఉంది. హత్యలను లెక్కపెడితే సమానంగా కనిపించేది, నిడివిని కొలిస్తే సమానంగా కనిపించదు.

ఈసారి ఒకే చిత్రంలోని ఒక యువకుడి హత్యనూ ఒక యువతి హత్యనూ వెంటవెంటనే చూడండి. యువకుడు తలుపు తెరుస్తాడు, వెనక నుంచి వేటు పడుతుంది, షాట్ మారిపోతుంది. భయపడే వ్యవధి కూడా అతడికి చాలాసార్లు దొరకదు. యువతి విషయానికి వచ్చేసరికి ఆమె దుస్తులు మార్చుకోవడం, చప్పుడు విని ఆగిపోవడం, ఎవరో ఉన్నారని గ్రహించడం, పరుగెత్తడం, పడిపోవడం, గడియ పడని తలుపును భుజంతో నెట్టిపట్టుకోవడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టడం అన్నీ వరుసగా, తీరిగ్గా, చాలావరకు క్లోజప్‌లో వస్తాయి. ఈ మోజు సినిమాతో పుట్టింది కూడా కాదు. అందమైన స్త్రీ మరణాన్ని మించిన కవితావస్తువు ప్రపంచంలో లేదని ఎడ్గార్ ఏలన్ పో 1846లోనే ఒక వ్యాసంలో రాశాడు.

ఇంకొక సంగతి కూడా మీ అన్నయ్యకు చెప్పండి. ఇటీవలి కాలంలో బాగా వసూళ్ళు సాధించిన హాలీవుడ్ చిత్రాలను నటి జీనా డేవిస్ స్థాపించిన సంస్థ విశ్లేషించినప్పుడు, మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువసేపు తెర మీద కనిపించే కోవ హారర్ ఒక్కటేనని తేలింది. దీన్ని శుభవార్తగా చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ సమయమంతా ఆమె ఏం చేస్తూ కనిపిస్తోందో చూడకుండా ఆ నిర్ణయానికి రావడానికి నేను సిద్ధంగా లేను.

ప్రశ్న: 'మేల్ గేజ్' (మగ చూపు) అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. దర్శకుడు మగవాడు కావడమే దాని అర్థమా, లేక హాల్లో కూర్చున్న మగవాళ్ళ చూపా? దయచేసి వివరంగా చెప్పండి. (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో 'స్క్రీన్' అనే పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఈ భావన ప్రచారంలోకి వచ్చింది. సినిమాలో మూడు చూపులు పనిచేస్తాయని ఆమె అన్నారు. జరుగుతున్నదాన్ని చిత్రీకరించే కెమెరా చూపు ఒకటి, పూర్తయిన చిత్రాన్ని చూసే ప్రేక్షకుల చూపు రెండవది, కథలోని పాత్రలు ఒకరినొకరు చూసుకునే చూపు మూడవది. ప్రధాన స్రవంతి చిత్రం మొదటి రెండింటినీ మూడవదాని చాటున దాచిపెడుతుంది. నాయకుడు నాయికను చూస్తాడు, అతడు చూసినదాన్నే కెమెరా చూస్తుంది, కెమెరా చూసినదాన్నే మనం చూస్తాం. ఆ చూపు కథకు అవసరమై వచ్చినట్టే ఉంటుంది కాబట్టి, మనం ఒక శరీరాన్ని తేరిపార చూస్తున్నామన్న స్పృహే మనకు కలగదు. కనుక దర్శకుడు ఎవరు, ప్రేక్షకులు ఎవరు అన్నవాటి కంటే ముందు, ఆ చిత్రం మనల్ని ఎవరి స్థానంలో నిలబెడుతోందని అడగాలి.

మల్వీ ఉదాహరణల్లో ముఖ్యమైనవి హిచ్‌కాక్ చిత్రాలు. ఆయనే తీసిన 'సైకో' (1960)లోని ఒక సన్నివేశం ఈ సంగతిని ఏ నిర్వచనం కంటే బాగా వివరిస్తుంది. మోటెల్ యజమాని నార్మన్ తన గదిలో గోడకు ఉన్న చిత్రపటాన్ని తీస్తాడు. దాని వెనక గోడకు రంధ్రం ఉంది. ఆ పటంలో ఉన్నది స్నానం చేస్తున్న సుసన్నా అనే స్త్రీని వృద్ధులు పొంచి చూసి మీద పడిన పురాతన గాథ. అంటే పొంచి చూసేవాళ్ళ బొమ్మే పొంచి చూసే కంతను కప్పి ఉంచింది. తర్వాత నార్మన్ కన్ను పక్క నుంచి తెర నిండా కనిపిస్తుంది, కంతలోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడుతుంది. ఆ వెంటనే, పక్క గదిలో దిగి దుస్తులు విప్పుతున్న మేరియన్ మనకు కనిపిస్తుంది. మన కంటికీ అతని కంటికీ మధ్య దూరం ఇక్కడ పూర్తిగా చెరిగిపోయింది.

కొద్దిసేపటికి వచ్చే స్నానాల గది హత్యకు దాదాపు వారం రోజులు చిత్రీకరణ జరిగింది. తెర మీద అది నిమిషం కూడా ఉండదు. మేరియన్‌గా నటించిన జానెట్ లీ ముఖం, కొన్ని షాట్లలో ఆమెకు బదులుగా నిలబడిన మరో మోడల్ శరీరం, చెయ్యి, పాదం, నీళ్ళు అన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చి కలుస్తాయి. కత్తి చేసే పనిని ఎడిటింగ్ కూడా చేస్తుందని విమర్శకులు అన్నది అందుకే. హత్య ముగిశాక కెమెరా నీరు సుడి తిరిగే తూము నుంచి మేరియన్ తెరిచిన కంటికి వస్తుంది. అంతకుముందు తెర నిండా నిలిచిన కన్ను మగవాడిది, అది చూసే కన్ను. ఇప్పుడు తెర నిండా ఉన్నది స్త్రీ కన్ను, అది ఇక దేన్నీ చూడలేదు. హిచ్‌కాక్ మన పొంచిచూపును నిలదీశాడా, లేక దానితో వ్యాపారం చేశాడా అన్న చర్చ అరవై ఏళ్ళుగా సాగుతోంది. నా మటుకు నాకు ఆయన రెండూ చేశాడనిపిస్తుంది. ఆ చిత్రం పాతబడకపోవడానికీ, దాన్ని అనుకరించినవి చాలావరకు నీచంగా తయారవడానికీ కారణం అదే. అనుకరించినవాళ్ళు కంతను తీసుకున్నారు, కన్నును చూపించడం మానేశారు.

ప్రశ్న: హంతకుడి కళ్ళతో తీసిన షాట్లు ప్రేక్షకుణ్ణి హంతకుడి స్థానంలో నిలబెడతాయని మీరు రాశారు. నేను మగవాణ్ణి. అలాంటి షాట్ వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయి తప్పించుకోవాలనే కోరుకుంటాను. ఆ సిద్ధాంతం నా అనుభవాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోదు? (ఒక పాఠకుడు)

జవాబు: తీసుకుంది. ఒకరి కళ్ళతో చూడటం, వారి పక్షం వహించడం వేరువేరు విషయాలు. 1980లో అమెరికన్ విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ తమ టెలివిజన్ కార్యక్రమంలో సరిగ్గా ఈ షాట్ల మీదే ధ్వజమెత్తారు. ఒంటరి స్త్రీలను వేటాడే ఈ కొత్త చిత్రాలు ప్రేక్షకుణ్ణి హంతకుడిగా మారుస్తున్నాయని వారి ఆరోపణ. అలా అంటూనే, 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్'ను వారు మెచ్చుకున్నారు. చిత్రంగా, ఆ షాట్లకు పేరు తెచ్చిన చిత్రం అదే.

దాని ప్రారంభాన్ని గుర్తు చేసుకోండి. ఒకే షాట్‌లా సాగే ఆ ఘట్టంలో మనం ఎవరి కళ్ళతోనో ఒక ఇంటిని బయటి నుంచి చూస్తాం, కిటికీలోంచి ఒక యువతినీ ఆమె ప్రియుణ్ణీ గమనిస్తాం, వంటగదిలోకి వెళ్ళి కత్తి తీసుకుంటాం, మేడ మెట్లెక్కుతాం. ముఖానికి ముసుగు తగలగానే తెర కుంచించుకుపోయి రెండు కంతలుగా మిగులుతుంది. హత్య జరుగుతుంది. బయటికి వచ్చాక ముసుగు తొలగితే అక్కడ ఉన్నది ఆరేళ్ళ పిల్లవాడు, చనిపోయింది అతని సొంత అక్క. మనం అప్పటిదాకా ఎవరి కళ్ళలో ఉన్నామో తెలిసిన ఆ క్షణంలో కలిగే జుగుప్స ఈ సన్నివేశానికి ప్రాణం. ఆ తర్వాత చిత్రం మెల్లగా ఆ కళ్ళను వదిలిపెట్టి కథానాయిక లారీ కళ్ళలోకి చేరుకుంటుంది. మీరు కోరుకున్నది ఆమె తప్పించుకోవాలని అయితే, దానికి ఆ ప్రయాణమే కారణం.

'ఫ్రైడే ది థర్టీన్త్' (1980)లో హంతకుడి కళ్ళతో అన్ని షాట్లు చూశాక, చివరికి హంతకి ఒక తల్లి అని తెలుస్తుంది. ఆ షాట్లను అక్కడ వాడింది ముఖాన్ని దాచడానికి మాత్రమే, చూపు గురించి చెప్పడానికి ఆ చిత్రం దగ్గర ఏమీ లేదు. ఈ విషయంలో అందరికంటే దూరం వెళ్ళినవాడు మైకేల్ పవెల్. ఆయన తీసిన 'పీపింగ్ టామ్' 1960లోనే వచ్చింది. అందులో హంతకుడు సినిమా స్టూడియోలో పనిచేసే కెమెరా సహాయకుడు. ట్రైపాడ్ కాలులో దాచిన కత్తితో స్త్రీలను చంపుతూ వారి భయాన్ని చిత్రీకరిస్తాడు, తమ భయాన్ని వాళ్ళే చూసుకునేలా కెమెరాకు అద్దం అమర్చుతాడు. అతణ్ణి అందరికంటే ముందు పసిగట్టేది చూపు లేని ఒక స్త్రీ. బ్రిటిష్ విమర్శకులు ఆ చిత్రాన్ని ఎంతగా చీల్చి చెండాడారంటే పవెల్ వృత్తిజీవితం దాని నుంచి కోలుకోలేదు. ప్రేక్షకుణ్ణి రహస్యంగా పొంచి చూడనిచ్చిన 'సైకో' ఘనవిజయం సాధించిన ఏడాదే, నువ్వు పొంచి చూస్తున్నావని ముఖాన చెప్పిన చిత్రానికి శిక్ష పడింది.

ప్రశ్న: ఆ అమ్మాయిలు ఒంటరిగా ఆ చీకటి గదిలోకి ఎందుకు వెళతారు? బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా వెళతారా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీరు విసుగుతో అడిగిన ఈ ప్రశ్న నిజానికి చాలా లోతైనది. ఆమె వెళ్ళేది చూడటానికి. సినిమాలో స్త్రీ తనంత తానుగా, కుతూహలంతో, దేన్నైనా చూడటానికి ప్రయత్నించే సందర్భాలు తక్కువ. హారర్‌లో అవి ఎక్కువగా దొరుకుతాయి, దొరికిన ప్రతిసారీ ఆ కుతూహలానికి శిక్ష ఉంటుంది. సినిమా పండితురాలు లిండా విలియమ్స్ 1984లో రాసిన ఒక వ్యాసం మొత్తం ఈ విషయం మీదే ఉంది. స్త్రీ ధైర్యం చేసి చూసినప్పుడు ఆమెకు ఎదురయ్యేది రాక్షసుడని, ఆ ఇద్దరి మధ్య ఒక విచిత్రమైన పోలిక ఉందని ఆమె వాదించారు. మామూలు పురుషుడి దృష్టిలో ఇద్దరూ వింత శరీరాలే కదా.

1933 నాటి 'కింగ్ కాంగ్'లో ఓడ మీద జరిగే చిన్న ఘట్టం ఒకటి ఉంది. కథలో సినిమా తీస్తున్న దర్శకుడు డెన్హమ్ కథానాయిక ఆన్‌ను కెమెరా ముందు నిలబెట్టి, పైకి చూడు, ఇంకా పైకి చూడు, ఏదో కనిపించింది, నమ్మలేకపోతున్నావు, కేక పెట్టు అని ఒక్కొక్కటిగా చెబుతూ అరిపిస్తాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఆమె కళ్ళు పైకెత్తేది తాను చూడటానికి కాదు, తన భయం ఇతరులకు కనిపించడానికి. పక్కన నిలబడి ఇదంతా గమనిస్తున్న నావికుడు, ఆమెకు నిజంగా ఏం కనిపించబోతోందని ఇతని ఉద్దేశం అని ఆందోళన పడతాడు. భయానక చిత్రం తాను స్త్రీని ఎలా వాడుకుంటుందో తానే విప్పి చూపించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

చూసే స్త్రీని చిత్రం నమ్మితే ఎలా ఉంటుందో చూడాలంటే లీ వనెల్ తీసిన 'ది ఇన్‌విజిబుల్ మ్యాన్' (2020) చూడండి. తనను హింసించే సహచరుడి నుంచి పారిపోయిన సిసిలియా ఒక గదిలో ఉంటుంది. కెమెరా ఆమెను వదిలి మెల్లగా ఖాళీ మూల వైపు తిరిగి అక్కడే ఆగుతుంది. అక్కడ ఎవరూ కనిపించరు. ఎవరో ఉన్నారని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసు గనుక మనకూ తెలుసు, కథలో మిగిలినవాళ్ళెవరూ నమ్మరు. ఆమె మీద పడుతున్న చూపే ఆ చిత్రంలో రాక్షసుడు. దర్శకుడు మగవాడేనని గమనించండి.

ప్రశ్న: చివరికి ప్రాణాలతో మిగిలేది అమ్మాయే కదా. 'ఫైనల్ గర్ల్' స్త్రీవాదానికి దక్కిన విజయం కాదా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, ఈ పేరు పెట్టిన వ్యక్తే దాన్ని విజయంగా ప్రకటించడానికి ఒప్పుకోలేదు. కేరల్ క్లోవర్ మధ్యయుగపు స్కాండినేవియన్ సాహిత్యంలో పండితురాలు. 1987లో రాసిన వ్యాసంలోనూ, దాన్ని విస్తరించి 1992లో వెలువరించిన పుస్తకంలోనూ, అందరూ చిన్నచూపు చూసిన స్లాషర్ చిత్రాలను ఆమె శ్రద్ధగా చదివారు. ఈ చిత్రాలకు వచ్చే యువకులు కేవలం హంతకుడితో మమేకమవుతారన్న అభిప్రాయాన్ని ఆమె తోసిపుచ్చారు. చివరి గంటలో వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేది ఆ అమ్మాయితోనే. అయితే ఆ అమ్మాయి ఎలాంటిదో కూడా చూడాలని ఆమె అన్నారు. స్నేహితురాళ్ళలా ప్రేమాయణాలు ఉండవు, పేరు తరచుగా మగపిల్లల పేరులా ఉంటుంది, పనిముట్లు వాడటం తెలుసు. మగ ప్రేక్షకుడు తన భయాన్ని, తన నిస్సహాయతను సిగ్గుపడకుండా అనుభవించడానికి ఒక ఆడ శరీరాన్ని అరువు తెచ్చుకుంటున్నాడని క్లోవర్ అనుమానం. ఆ అనుమానం నాకు ఇప్పటికీ బలమైనదిగానే కనిపిస్తుంది.

అలాగని ఆ పాత్రను కొట్టిపారేయడం అన్యాయం అవుతుంది. 'హాలోవీన్'లో లారీ బట్టల బీరువాలో దాక్కుని, హ్యాంగర్ తీగను సాగదీసి, తలుపు పగలగొట్టుకుని వచ్చిన హంతకుడి కంట్లో పొడుస్తుంది. చిత్రం మొదలైంది ఎవరి కంటితోనో, ఆ కంటినే ఆమె గురిపెట్టింది. అయినా 1978లో తుపాకి పేల్చి ఆమెను కాపాడింది మగ డాక్టరే. 1984లో వెస్ క్రేవెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'కు వచ్చేసరికి కథానాయిక నాన్సీ ఉచ్చులు పన్ని తానే వేటగత్తె అవుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది 'ఏలియన్' (1979) ముగింపు. ఆ కథ రాసుకున్నప్పుడే ఏ పాత్రనైనా స్త్రీ గానీ పురుషుడు గానీ పోషించవచ్చని స్క్రిప్టులో పేర్కొన్నారు; అందుకే కథానాయిక రిప్లీ గంటన్నర పాటు కేవలం ఒక సమర్థురాలైన అధికారిగా మనకు కనిపిస్తుంది. అందరూ చనిపోయాక ఆమె చిన్న అంతరిక్షనౌకలోకి చేరి, ప్రమాదం తప్పిందనుకుని, లోదుస్తులు మిగిలేదాకా బట్టలు విప్పుతుంది. కెమెరా అంతదాకా అడగనిది అక్కడ హఠాత్తుగా అడుగుతుంది. ఆమె ఇప్పుడు రక్షణ లేకుండా ఉందని చెప్పడానికే అది ఉందని సమర్థించేవారు ఉన్నారు. ఒక మగ అధికారి రక్షణ లేకుండా ఉన్నాడని చెప్పడానికి అదే పని చేసేవారా?

ప్రశ్న: దెయ్యం పట్టేది ఎప్పుడూ ఆడవాళ్ళకే ఎందుకు? (పేరు రాయని పాఠకురాలు)

జవాబు: ఎప్పుడూ కాదు గానీ, చాలా ఎక్కువగా. ఆస్ట్రేలియా విమర్శకురాలు బార్బరా క్రీడ్ 1993లో ప్రచురించిన గ్రంథంలో ఒక ముఖ్యమైన సవరణ చేశారు. హారర్‌లో స్త్రీ అంటే బలిపశువు అని మాత్రమే మాట్లాడుకుంటున్నామని, భయపెట్టే స్త్రీల వరుస కూడా అంతే పొడవైనదని ఆమె గుర్తు చేశారు. ఆవహింపుకు లోనైనది, మంత్రగత్తె, రక్తపిశాచి, బిడ్డను మింగేసే తల్లి, వీళ్ళందరిలోనూ భయానికి మూలం స్త్రీ శరీరం చేసే పనులే: రక్తస్రావం, గర్భం, ప్రసవం. 'ది ఎగ్జార్సిస్ట్' (1973)లో పన్నెండేళ్ళ పిల్ల మంచం చుట్టూ మొదట డాక్టర్లు, తర్వాత మతగురువులు చేరి ఆమె శరీరం ఎవరి అధీనంలో ఉండాలో తేలుస్తారు. ఆ పిల్ల బూతులు మాట్లాడగలిగేది, పెద్దల మీద తిరగబడగలిగేది అది తన గొంతు కానప్పుడే.

బ్రయాన్ డి పామా తీసిన 'క్యారీ' (1976) ప్రారంభం ఈ చర్చలో తప్పక చూడవలసినది. బాలికల స్నానాల గదిలో ఆవిరి, స్లో మోషన్, మృదువైన సంగీతం; కెమెరా నగ్న శరీరాల మధ్య నింపాదిగా సాగి ఒంటరిగా స్నానం చేస్తున్న క్యారీ దగ్గరికి వస్తుంది. అప్పుడే ఆమెకు మొదటిసారి రక్తస్రావం అవుతుంది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చనిపోతున్నాననుకుని సహాయం కోసం పరుగెత్తితే తోటి విద్యార్థినులు ఎగతాళి చేస్తూ ఆమె మీదికి ప్యాడ్‌లు విసురుతారు. అందాన్ని ఆస్వాదిస్తున్న చూపుకు నిజమైన శరీరం ఎదురైన క్షణం అది. అంతవరకు మహా గొప్ప ఆలోచన. కానీ ఆస్వాదించడమంతా అయిపోయాకే ఆ ప్రశ్న వేశారన్న అసంతృప్తి నాకు మిగిలే ఉంది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళ్' (1993). శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ఆ కథనే పి. వాసు 2005లో 'చంద్రముఖి'గా తీస్తే తెలుగు ప్రేక్షకులు కూడా నెత్తిన పెట్టుకున్నారు. ఆ నాట్య ఘట్టంలో రెండు చూపులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆమె మనసులో ఆమె ఆభరణాలు ధరించిన రాజనర్తకి, ఎదురుగా ప్రియుడు ఉన్నాడు; బయటివాళ్ళకు కనిపించేది చెదిరిన జుట్టుతో, చెరిగిన కాటుకతో ఉన్న ఒక ఇంటి కోడలు. ఆమె ఏం చూస్తోందో మనకు చూపించినందుకే ఆ ఘట్టం అంత ఎత్తుకు వెళ్ళింది. అయితే ఆ కోపం ఆమెది కావడానికి కథ ఒప్పుకోదు. ఎప్పుడో చనిపోయిన వేరొక స్త్రీ పేరు మీద మాత్రమే ఆమె గొంతెత్తగలదు. డాక్టరూ భర్తా కలిసి పథకం వేసి ఆమెను మామూలు మనిషిని చేస్తారు, అంతటితో ఆ గొంతు ఆగిపోతుంది.

ప్రశ్న: ఇవన్నీ మగ ప్రేక్షకుల గురించే. ఆడవాళ్ళం మేమూ ఈ సినిమాలు ఇష్టపడి చూస్తాం కదా? (ఒక పాఠకురాలు)

జవాబు: చూస్తారు, పెద్ద సంఖ్యలోనే చూస్తారు. తన మొదటి వ్యాసంలో స్త్రీ ప్రేక్షకుల సంగతి ఏమిటని అడిగినవారికి సమాధానంగా మల్వీ 1981లో మరో వ్యాసం రాశారు. నల్లజాతి స్త్రీలు చాలామంది తెర మీది తెల్ల నాయికతో మమేకం కాలేదని, ఎదురు ప్రశ్నించే చూపుతో సినిమా చూడటం నేర్చుకున్నారని అమెరికన్ రచయిత్రి బెల్ హుక్స్ 1992లో గుర్తు చేశారు. ఆ మాట హారర్‌కు మరింత బాగా వర్తిస్తుందని నా అభిప్రాయం. భయాన్ని రోజూ మోసేవాళ్ళకు, దాన్ని రెండు గంటల పాటు తెర మీద పెట్టి పేరు పెట్టి పిలిచే అవకాశం చిన్నదేమీ కాదు.

ప్రశ్న: స్త్రీలు దర్శకత్వం వహిస్తే ఈ సమస్య తీరిపోతుందా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: దానంతట అది తీరదు. 1982 నాటి 'ది స్లంబర్ పార్టీ మాసకర్' రాసింది స్త్రీవాద రచయిత్రి రీటా మే బ్రౌన్, దర్శకత్వం వహించింది ఎమీ హోల్డెన్ జోన్స్. పొడవాటి డ్రిల్లుతో తిరిగే హంతకుడు, చివర్లో ఆ డ్రిల్లును నరికేసే యువతి, ఇందులో వ్యంగ్యం ఎవరికైనా అర్థమవుతుంది. అదే చిత్రంలో స్నానాల గదిలోని అమ్మాయిల శరీరాల మీద కెమెరా మెల్లగా పాకే షాట్లూ ఉన్నాయి. చౌకగా తీసి చౌకగా అమ్మే చిత్రాలకు నగ్నత్వం ఉండి తీరాలన్నది ఆనాటి మార్కెట్ నియమం.

ఆ మార్కెట్ చిత్రం పూర్తయ్యాక కూడా దెబ్బతీయగలదు. కారిన్ కుసామా దర్శకత్వంలో, డయాబ్లో కోడీ రచనతో 2009లో వచ్చిన 'జెనిఫర్స్ బాడీ' ఇద్దరు స్నేహితురాళ్ళ కథ. పేరు కోసం ఒక సంగీత బృందం జెనిఫర్‌ను బలి ఇస్తుంది, ఆ హింస నుంచే ఆమె రాక్షసిగా లేస్తుంది. అమ్మాయిల కోసం తీసిన ఈ చిత్రాన్ని నటి మేగన్ ఫాక్స్ అందాన్ని ముందుపెట్టి కుర్రకారుకు అమ్మడానికి ప్రచారకర్తలు ప్రయత్నించారు. వచ్చినవాళ్ళు ఆశించింది అందులో లేదు, అది ఎవరి కోసమో వాళ్ళకు కబురే అందలేదు. చిత్రం దెబ్బతింది. చాలా ఏళ్ళ తర్వాత యువతులు దాన్ని తమంత తాము కనుక్కుని నిలబెట్టారు.

కొరాలీ ఫార్జా తీసిన 'ది సబ్‌స్టాన్స్' (2024) విషయంలో నా మనసు ఇంకా రెండు వైపులా లాగుతోంది. కాన్ ఉత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారం పొందిన ఆ చిత్రం యువతి శరీరాన్ని ముక్కలుగా, మెరిసే క్లోజప్‌లలో, వాణిజ్య ప్రకటనలా చూపిస్తుంది. వెగటు పుట్టేదాకా చూపించడమే తన పద్ధతి అంటుంది. ఆ షాట్లు వెగటు పుట్టించకముందు పనిచేయవలసిన విధంగానే పనిచేస్తాయన్న అభ్యంతరాన్ని నేను కాదనలేను. అయితే డెమీ మూర్ పోషించిన నడివయసు నటి ఒక పరిచయస్తుణ్ణి కలవడానికి తయారై, గడప దాటబోతూ మళ్ళీ అద్దం దగ్గరికి వచ్చి, పెదవుల రంగు మార్చి, మెడకు స్కార్ఫ్ చుట్టి, మళ్ళీ వచ్చి, చివరికి ముఖాన్ని అరచేతులతో రక్కినట్టు తుడిచేసి ఇంట్లోనే ఉండిపోయే సన్నివేశం ఒకటి ఉంది. గదిలో మగవాడు లేడు, కత్తి లేదు, దెయ్యం లేదు. ఏళ్ళ తరబడి ఆమె మీద పడిన చూపులన్నీ ఇప్పుడు ఆమె కళ్ళలోనే ఉన్నాయి. ఈ మధ్య కాలంలో నన్ను అంతగా భయపెట్టిన దృశ్యం మరొకటి లేదు.

ప్రశ్న: మిత్రులతో కలిసి ఒక హారర్ లఘుచిత్రం తీస్తున్నాను. రాత్రివేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న యువతిని ఎవరో వెంటాడే కథ. మీరు విమర్శించిన తప్పులు చేయకుండా దీన్ని ఎలా తీయాలి? (ఒక యువ దర్శకుడు)

జవాబు: కథ మార్చుకోమని చెప్పను. ఒంటరి స్త్రీ భయం నిజమైన భయం, దాన్ని సినిమా నుంచి తీసేస్తే ఎవరికీ మేలు జరగదు. స్క్రిప్టులో ప్రతి షాట్ పక్కన అది ఎవరి చూపో రాసుకోండి. ఆమెదా, వెంటాడేవాడిదా, ఎవరిదీ కాదా? ఎవరిదీ కాని షాట్లలో ఆమె శరీరం ఎలా కనిపిస్తోందో చూసుకోండి. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే, ఎందుకంటే దానికి జవాబు చెప్పవలసిన పాత్ర కథలో ఎవరూ ఉండరు. వెంటాడేవాడి చూపు మీకు తప్పనిసరి అనుకుంటే, ఆ కళ్ళు ఎవరివో ఎప్పుడో ఒకప్పుడు ప్రేక్షకుడికి చూపించండి. అతణ్ణి ఎప్పటికీ దాచి ఉంచితే ఆ చూపు ప్రేక్షకుడి సొంతమై కూర్చుంటుంది.

ఆమెకు ఆ రాత్రి చేయడానికి ఒక పని ఇవ్వండి, ఆ పని మధ్యలో భయం రావాలి. నటికి స్టోరీబోర్డు ముందుగానే చూపించి, ఏ కోణం నుంచి ఏం కనిపిస్తుందో చెప్పి, ఆమె ఒప్పుకున్నంతవరకే తీయండి. సెట్ మీద మీరంతా మగవాళ్ళే అయితే, ఒప్పుకోనని చెప్పడం ఆమెకు ఎంత కష్టమో గుర్తుంచుకుని కనీసం కెమెరా వెనకో ఎడిటింగ్‌లోనో స్త్రీలను చేర్చుకోండి. కూర్పు సమయంలో ఆమె అరుస్తున్న క్లోజప్‌లన్నీ పక్కన పెట్టి, వాటి స్థానంలో ఆమె చూస్తున్న తలుపు, కిటికీ, ఖాళీ వరండా మాత్రమే ఉంచి ఒక వెర్షన్ తయారు చేయండి. కథ తెలియని నలుగురికి అది చూపించండి. వాళ్ళకు భయం వేయకపోతే తీసేసిన క్లోజప్‌లలో ఒకటి తిరిగి పెట్టి మళ్ళీ చూపించండి, అవసరమైతే ఇంకొకటి పెట్టండి.